మామగారి జీవితంలో పళ్ళ డాక్టరు

ఆ రోజు బైండరు పొద్దున్నే స్నానం చేసి, దేవుడి పటానికి దణ్ణం పెట్టుకుని, ఒక చిన్న కోరిక కోరాడు. "స్వామీ, సాయంత్రంలోగా రెండు పుస్తకాలు కుట్టి ఇచ్చేస్తాను. మా మామగారి నోట ఒక్క మంచి మాట వినిపించు. పెద్ద పొగడ్తలు అక్కర్లేదు. ఫరవాలేదు అన్నా చాలు."

కోరిక చిన్నదే కాని చాలా పాతది. మామగారు హైస్కూలు హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. ఎదుటివాడు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకం. చదువుకున్న కూతురు పట్టుబట్టి మరీ పుస్తకాలు అతికేవాణ్ణి చేసుకుందని ఆయనకు పెళ్ళినాటి నుంచీ గుర్రుగానే ఉంది. బైండరును పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. ఇంటికొచ్చినవాళ్ళకు "మా అతుకుల అల్లుడు" అని పరిచయం చేసేవారు. అలాంటి మనిషి తన ఆత్మకథ రాసి అచ్చు వేయించారు. పాత విద్యార్థులంతా కలిసి ఆ సాయంత్రమే స్కూలు హాల్లో ఆవిష్కరణ పెట్టారు. "మిగతా కాపీలు ప్రెస్సువాళ్ళు కుడతారు. సభలో విప్పే కాపీ ఒక్కటి నువ్వు కుట్టు, చూద్దాం," అన్నారు మామగారు. ఆ 'చూద్దాం' విన్న దగ్గర్నుంచి బైండరుకు అన్నం సహించడం లేదు.

రెండో పుస్తకం లైబ్రరీది. జనం తిరగేసి తిరగేసి అట్టలు ఊడగొట్టిన అపరాధ పరిశోధన నవల.

పుస్తకమంటే అట్టల మధ్య పేజీలని మనం అనుకుంటాం. బైండరు లెక్కలో పుస్తకమంటే ఫారాలు. పెద్ద కాగితాన్ని మడతలు పెడితే పదహారు పేజీలవుతుంది. ఆ మడత ఒక ఫారం. అలాంటివి వరసగా పేర్చి, మడతల్లోంచి సూది దూర్చి కుట్టి, వెన్నుకు జిగురు పూసి అట్ట వేస్తే పుస్తకం. పాత పుస్తకం బాగుచెయ్యాలంటే ముందు కుట్లు విప్పి ఏ ఫారానికి ఆ ఫారం విడదీసుకోవాలి.

ఇన్నేళ్ళుగా బైండరుకు ఒక నియమం ఉంది. కుట్టడానికి వచ్చిన పుస్తకం చదవకూడదు. "దర్జీ ఊళ్ళోవాళ్ళ చొక్కాలు తొడుక్కుని తిరుగుతాడా?" అనేవాడు. ఆ నియమం ఈ నవల దగ్గర మంటగలిసింది. పేజీల వరస సరిచూసుకుందామని మొదటి ఫారం తిప్పాడు. తిప్పగానే ఒక పళ్ళ డాక్టరు, కుర్చీలో పేషెంటును నోరు తెరిపించి కూర్చోబెట్టి, ఎదురు మేడలో జరుగుతున్న హత్య చూసి, చేతిలో పట్టకారు చేతిలో ఉండగానే కిటికీలోంచి దూకేశాడు. బైండరు కూడా ఆయన వెనకాలే దూకేశాడు. ఇక పైకి రాలేదు.

అలాగని నవల నచ్చిందా అంటే చెప్పడం కష్టం. కథంతా ఆ డాక్టరే 'నేను, నేను' అంటూ చెబుతాడు. ముందు కొడతాడు, తర్వాత ప్రశ్న అడుగుతాడు. తిండి లేదు, నిద్ర లేదు, దేవుణ్ణి తలుచుకున్నది ఒక్కసారీ లేదు. ఒక పేజీలో భుజానికి గుండు తగులుతుంది, పక్క పేజీలో అదే చేత్తో గడియారం స్తంభం ఎక్కుతాడు. "నాకు సూది గుచ్చుకుంటేనే రెండ్రోజులు చెయ్యి లేవదే!" అని బైండరు పైకే అనేవాడు. పొద్దున్నే దణ్ణం పెట్టుకున్న చేతులతో హత్యల పుస్తకం పట్టుకోవడం తప్పేమోనని దేవుణ్ణే అడిగాడు కూడా. దేవుడు ఏమీ అనలేదు. వద్దనలేదు కదా అని ఇంకో ఫారం తీశాడు.

ఇంటి ముందుగదే బైండరు కొట్టు. తను చదివిన ఫారం వెనక వంటింట్లోకి అందించేవాడు. అక్కడ భార్య పొయ్యి దగ్గర నిలబడి చదివేది. ఆమెకు నవల మీద ఎలాంటి సందేహాలూ లేవు.

"కొట్టాడండీ! గొడుగుతో కొట్టాడు!" అని లోపలినుంచి కేక వినిపించేది.

"అది సరే గానీ, ఆ కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నాయన సంగతేమిటే? మళ్ళీ వాడి ఊసే లేదు."

"ఎవరండీ?"

"పేషెంటు! మొదటి పేజీలో."

"వాడి గోల మీకెందుకండీ! గడియారాలు బాగుచేసేవాడే హంతకుడు. నేను చెబుతున్నాగా."

"కాదు, నర్సు."

"మీరెప్పుడూ ఆడవాళ్ళనే అనండి!"

అలా ఆ పొద్దుటికి నవలలో ఒక్కటే, చివరి ఫారం, మిగిలింది. పళ్ళ డాక్టరు పరుగెత్తే రైలు పైకప్పు మీద హంతకుడి కాలరు పట్టుకుని ఉన్నాడు. హంతకుడి ముఖానికి గుడ్డ కట్టి ఉంది. అక్కడ ఫారం అయిపోయింది.

"ముందు నాన్నగారి పుస్తకం కుట్టండి. అప్పటిదాకా ఆ ఫారం ముట్టుకోవద్దు. ముట్టుకున్నారంటే నా మీద ఒట్టే," అంది భార్య.

బైండరు బుద్ధిగా మామగారి ఫారాలు కుట్టడం మొదలుపెట్టాడు. అన్నీ అయ్యాయి, చివరిదొక్కటి బల్లమీద ఉంది. దారానికి మైనం పూస్తూ, ఒట్టు వేసింది ముట్టుకోవద్దనే కదా, చూడవద్దని కాదు కదా అనుకుని పళ్ళ డాక్టరు ఫారం కేసి చూశాడు. మడతలో ఉన్న కాగితం ముట్టుకోకుండా కనబడదు. ఎడమచేత్తో తీశాడు. సరిగ్గా మొదటి వాక్యం మీద కన్ను పడబోతుండగా గుమ్మంలో బావమరిది.

"ఏం బావగారూ! అయిందా? నాన్నగారు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు."

తేలు కుట్టిన దొంగలా బైండరు చేతిలోని ఫారాన్ని బల్లమీద జారవిడిచాడు. అది వెళ్ళి మామగారి చివరి ఫారం మీద పడింది. రెండూ ఒకే సైజు, ఒకే రకం పసుపు వన్నె కాగితం.

"అదేంటి, చదువుతున్నారా?"

"నేనా? కుట్టడానికి వచ్చింది నేను చదవను. నీకు తెలీదూ?"

ఆ మాట నిలబెట్టుకోవడానికి బైండరు అక్షరాల వైపు కన్నెత్తి చూడకుండా, బావమరిది ముఖంలోకే చూస్తూ, పైన ఉన్న ఫారం తీసి టకటకా కుట్టేశాడు. వెన్నుకు జిగురు పూశాడు, ముందే చేసిపెట్టిన అట్ట వేశాడు, మరలో బిగించాడు, ఫ్యాను కింద ఆరబెట్టాడు. చేతితో నిమిరి చూసుకుంటే పుస్తకం పెళ్ళికొడుకులా ఉంది. గుడ్డలో చుట్టి ఇస్తూ, "సభ దాకా విప్పవద్దను," అన్నాడు. ఇలాంటి సలహాలు మనిషి తన గొయ్యి తవ్వుకునేటప్పుడే ఇస్తాడు కాబోలు.

భోజనాలయ్యాక భార్య బల్ల మీది ఫారం తీసుకుని కిటికీ దగ్గర కూర్చుంది. ముందెవరు చదవాలన్న తగాదాలో బొమ్మాబొరుసూ వేసి ఆమే గెలిచింది. బైండరు లైబ్రరీ పుస్తకానికి అట్ట కోస్తూ చెవులు రిక్కించాడు. కేకలేమీ లేవు.

"ఏమండీ, డాక్టరుకు మతి పోయినట్టుందండీ."

"ఏమైందే? రైలు మీంచి పడ్డాడా?"

"రైలు ఊసే లేదు. 'వేకువనే లేచి చన్నీళ్ళు పోసుకునేవాడికి వైద్యుడితో పని ఉండదు' అంటున్నాడు."

"పళ్ళ డాక్టరే?"

"ఆయనే! నేను, నేను అనేగా ఉంది! తర్వాత దస్తూరి గుండ్రంగా ఉండాలంటాడు. పిల్లల్ని కొట్టడం తప్పని ఇప్పుడు తెలిసిందంటాడు. నాకు తెగ నచ్చిందండీ. కొట్టీ కొట్టీ పాపం మనిషి మారిపోయాడు." ఆమె ముక్కు చీదింది. "ఇక్కడ మాత్రం ఏడుపొచ్చేసింది. కూతురు అత్తారింటికి వెళ్ళిన రోజు ఎవరికీ కనబడకుండా లెక్కల గదిలో తలుపేసుకుని ఏడ్చాడట. నా అల్లుడి పనితనం మంచిదే, చెబితే పొంగిపోతాడని చెప్పలేదు అంటున్నాడు. అవునూ, పళ్ళ డాక్టరుకు పెళ్ళెప్పుడైందండీ?"

బైండరు చేతిలో కత్తి కింద పడింది. ఒక్క దూకులో వచ్చి ఫారం లాక్కున్నాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. గుండె జారి చెప్పుల్లో పడింది.

"ఇది డాక్టరు కాదే! మీ నాన్న!"

"మా నాన్న పళ్ళ డాక్టరేమిటండీ?"

"మీ నాన్న పళ్ళ డాక్టరు కాదు, పళ్ళ డాక్టరు మీ నాన్నలోకి వెళ్ళాడు! కుట్టేశానే! నా చేతులతో నేనే కుట్టేశాను!"

విషయం ఆమెకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది, తర్వాత, "అయితే గుడ్డ వెనకాల ఎవరున్నారో మనకింకా తెలీదన్నమాట!" అంది.

సూదీ దారం, జిగురు సీసా, మామగారి అసలు ఫారం సంచిలో వేసుకుని బైండరు సైకిలు తీశాడు. భార్య వెనక ఎక్కింది. "వెళ్ళి నిజం చెప్పేస్తే పోలా?" అంది సందు మలుపులో.

"ఏమని చెప్పనే? హత్యల పుస్తకం చదువుతూ మీ జీవితాన్ని తప్పుగా కుట్టానండీ అనా? బతికున్నంత కాలం వింటాను. ఆయన పోయాక కూడా వినిపిస్తుంది."

వాళ్ళు వెళ్ళేసరికి హాలు నిండిపోయింది. బట్టతలల పాత విద్యార్థులు బెంచీల మీద భయభక్తులతో కూర్చున్నారు. వేదిక మీద మామగారు, పక్కన ముఖ్య అతిథి కుర్చీలో లైబ్రేరియనమ్మ. బల్లమీద గుడ్డలో చుట్టిన పుస్తకం. బైండరు బావమరిదిని మూలకు లాగి, "జిగురు ఆరలేదు, పుస్తకం తెరవనివ్వకు, ఒక్క క్షణం నాకివ్వు," అని చెవిలో ఊదాడు. బావమరిది మంచివాడే కాని గుట్టు తెలియని మనిషి. తిన్నగా మైకు దగ్గరికి వెళ్ళి, "మా బావగారి జిగురు ఇంకా ఆరలేదట, కొంచెం ఆగాలట," అన్నాడు.

"ఆయన జిగురు ఆరేలోపు నేను ఆరిపోతాను. కానివ్వండి," అన్నారు మామగారు.

హాలంతా నవ్వింది. పుస్తకం గుడ్డ విప్పారు. చప్పట్లు కొట్టారు. మామగారు లేచి గొంతు సవరించుకున్నారు. "ఉపన్యాసం చెప్పను. నేను జీవితంలో నేర్చుకున్నదంతా చివరి అధ్యాయంలో ఉంది. అది చదివి వినిపిస్తాను."

ఇలాంటప్పుడు పళ్ళ డాక్టరైతే ఏం చేసేవాడు? పై అంతస్తు నుంచి తెర పట్టుకుని వేళ్ళాడుతూ వచ్చి పుస్తకం ఎగరేసుకుపోయేవాడు. ఇక్కడ పై అంతస్తు లేదు, బైండరుకు అంత దూకుడూ లేదు. అందుకని వెనక తెర సందులోంచి పాకాడు. పాకి, చెయ్యి చాచి, పుస్తకం అందక, దాని పక్కనున్న మామగారి కళ్ళజోడు తీసి జేబులో వేసుకున్నాడు. వెనక్కి పాకుతుంటే తెర తాడు కాలికి చుట్టుకుంది. అది లాగితే తెర సగం దిగి లైబ్రేరియనమ్మ తల మీద కూర్చుంది.

"ఏమిటా గోల?" అన్నారు మామగారు.

"గాలండీ," అంది తెర వెనకనుంచి బైండరు గొంతు.

తెర ఎత్తారు. కళ్ళజోడు కోసం వెతికారు. బల్ల కింద, కుర్చీల కింద, బావమరిది జేబుల్లో కూడా వెతికారు. దొరకలేదు. బైండరు చొక్కా దులుపుకుని వచ్చి భార్య పక్కన కూర్చున్నాడు. గండం గడిచిందని దేవుడికి దణ్ణం పెట్టబోయాడు. మామగారు బల్లంతా తడిమి తడిమి, వేళ్ళు ఒకదానికొకటి రాసి చూసుకుని, ఒక్క క్షణం ఆలోచించారు. తర్వాత పుస్తకం లైబ్రేరియనమ్మకు అందించారు.

"మీ గొంతు బాగుంటుంది. మీరు చదవండమ్మా."

లైబ్రేరియనమ్మ చివరి ఫారం తెరిచింది. ఖంగుమనే గొంతుతో మొదలుపెట్టింది.

"'ఎడమచేత్తో రైలు పైకప్పు అంచు పట్టుకుని, కుడి మోకాలు వాడి గుండెల మీద ఆనించాను.'"

పాత విద్యార్థులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"'చెప్పు, ఎంతమందిని చంపావు? అని పళ్ళు కొరుకుతూ అడిగాను.'"

"సారుకు మోకాళ్ళ నొప్పులు ఇందుకన్నమాట!" అన్నాడు రెండో బెంచీలో ఒక పాత విద్యార్థి.

"వేసవి సెలవుల్లో ఎక్కడికెళ్ళేవారో ఇప్పుడు తెలిసింది," అన్నాడు పక్కనున్నాయన.

లైబ్రేరియనమ్మ ఆగింది. అట్ట తిప్పి చూసింది. మామగారి పేరే ఉంది. మళ్ళీ పేజీ చూసింది. కళ్ళలో ఏదో మెరిసింది. ఆమె లైబ్రరీలో ఆ నవల వచ్చిన నాటి నుంచీ బయటే తిరిగింది కాని చివరిదాకా చదివేంతసేపు ఒక్కసారీ ఆమె చేతిలో నిలవలేదు. రైలు దాకా ఎలాగో చదివింది, అంతలో అట్టలూడి బైండింగుకు పంపవలసి వచ్చింది. ఆమె గుక్కెడు నీళ్ళు తాగి, కుర్చీలో ముందుకు జరిగి, గొంతు ఇంకొంచెం పెంచింది.

రైలు సొరంగంలో దూరింది. కత్తి మెరిసింది. పాత విద్యార్థులు బెంచీ అంచులకు వచ్చారు. ఎవరో పెద్దమనిషి ఈల వేశాడు. వేదిక మీద మామగారు మాత్రం శిలలా కూర్చుని ఉన్నారు. ఆ ముఖం చూసి బైండరు ఇక భరించలేకపోయాడు. పరువు పోతే పోయింది, అబద్ధం మీద కూర్చోవడం దేవుడు మెచ్చడు అనుకుని లేచి నిలబడ్డాడు.

"ఆపండమ్మా! ఒక మాట చెప్పాలి!"

"'ఒక్క ఊపుతో వాడి ముఖం మీది గుడ్డ లాగేశాను. ఆ ముఖం చూసి నా రక్తం గడ్డకట్టింది. వాడు ఎవరో కాదు...'" లైబ్రేరియనమ్మ పేజీ మడత దగ్గర ఆగి, తలెత్తింది. "ఏమిటి బైండరు గారూ?"

"కూర్చోవయ్యా!" అంది హాలంతా ఒక్క గొంతుతో.

బైండరు మామగారిని చూశాడు. పుస్తకాన్ని చూశాడు. అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాడు. మనసులో దేవుడికి క్షమాపణ చెప్పుకున్నాడు.

"ఏం లేదండీ. చదవండి," అని కూర్చున్నాడు.

"'...గడియారాలు బాగుచేసేవాడు!'"

"నేను చెప్పలా!" అని భార్య బెంచీ మీంచి ఎగిరి లేచింది. "మొదటినుంచీ చెప్పలా! నర్సు అన్నారు మీరు! ఇప్పుడేమంటారు?"

హాలంతా ఆమె వైపు తిరిగింది. మామగారు కూడా తిరిగారు. ఆమె నాలిక కరుచుకుని కూర్చుంది. అంతలో చప్పట్లు మొదలై ఆ ఇబ్బందిని ముంచేశాయి. కప్పు ఎగిరిపోయేలా కొట్టారు. ఒకప్పుడు గోడకుర్చీ వేసినవాళ్ళు వచ్చి మామగారి కాళ్ళకు దణ్ణం పెట్టారు. "మీరింత చేశారని ఒక్కనాడూ చెప్పలేదేం సార్!" అన్నారు. "అవసరం రాలేదు," అన్నారు మామగారు.

జనం పలచబడ్డాక ఆయన వేలితో పిలిచారు. "అల్లుడూ, ఇలా రా."

బైండరు వెళ్ళాడు. వధ్యశిల దగ్గరికి వెళ్ళినట్టే వెళ్ళాడు. వెనకే భార్య.

"ముందు కళ్ళజోడు ఇవ్వు."

"ఎ... ఎలా తెలిసిందండీ?"

"కళ్ళజోడు ఉండాల్సిన చోట వేలు పెడితే బంకలా అంటుకుంది. ఈ సభలో జిగురు చేతులవాడు ఒక్కడే. తెర వెనక గాలి నీ గొంతుతో మాట్లాడింది. హంతకుడెవరో నా కూతురికి ముందే తెలుసు. ఇంతకంటే ఏం కావాలయ్యా?" కళ్ళజోడు తుడిచి పెట్టుకుని ఆయన పుస్తకం చివరి ఫారం తెరిచారు. కుట్టు మీద వేలు నడిపారు. పైకీ కిందికీ నడిపారు. వెన్ను వంచి చూశారు.

"వేరే పుస్తకం తెచ్చి నా జీవితానికి కలిపావు. అయినా అతుకు ఎక్కడుందో తెలియడం లేదు," అన్నారు. "పనితనం ఫరవాలేదు."

బైండరు కళ్ళు చెమ్మగిల్లాయి. పొద్దున్న కోరుకున్న మాట, కోరుకున్నంతే వచ్చింది. దేవుడు ఇస్తాడు గాని దారి మాత్రం తనిష్టం కాబోలు అనుకున్నాడు.

"మీ ఫారం జాగ్రత్తగానే ఉంది మామగారూ. అది సంచిలో... ఇప్పుడే విప్పి కుట్టేస్తాను."

"నేను చదివాను నాన్నా," అంది కూతురు. "లెక్కల గది దాకా."

మామగారు కళ్ళజోడు తీసి, ఇందాక తుడిచినదాన్నే మళ్ళీ తుడిచారు. చాలాసేపు తుడిచారు.

"తొందరేం లేదు," అన్నారు చివరికి. "ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను. వీళ్ళు కదలకుండా విన్నది ఇవాళే. అసలు వాడు రైలు పైకి ఎందుకు ఎక్కాడు? ఆ ముందు ఫారాలు ఇంటికి పంపు. లైబ్రేరియనమ్మకు నేను చెబుతాను."

"చెప్పక్కర్లేదు, మీ తర్వాత నాకు," అంది వెనకనుంచి లైబ్రేరియనమ్మ.

వారం తిరక్కముందే మామగారు ఫారాల కట్ట చంకలో పెట్టుకుని స్వయంగా బైండరు కొట్టుకు వచ్చారు. పెళ్ళయ్యాక ఆయన ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. స్టూలు మీద కూర్చున్నారు. ముఖం గంభీరంగా ఉంది.

"వట్టి దండగమారి పుస్తకం. కొట్టుకోవడం తప్ప ఏముంది? మూడుసార్లు చదివాను," అన్నారు. తర్వాత బైండరు వైపు వంగి గొంతు తగ్గించారు. "అది సరే గానీ అల్లుడూ, ఆ కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నవాడి సంగతేమిటి?"

బైండరు చేతిలో సూది ఆగిపోయింది. ఆ ప్రశ్న ఇంకొక మనిషి నోట వినడానికే తను పుట్టాడేమో అనిపించింది. ఇద్దరూ స్టూళ్ళు దగ్గరికి జరుపుకుని మధ్యాహ్నం దాకా ఆ విషయమే మాట్లాడుకున్నారు.

మామా అల్లుళ్ళ మధ్య మాటలు కలిశాయి గాని, ఆ పేషెంటు నోరు మాత్రం ఇప్పటికీ ఎవరూ మూయలేదు.